పెద్దమ్మ మిషను: బియ్యపు గింజంత తేడా

ఆదివారం

కొవ్వూరు నుంచి రాజమండ్రికి బస్సులో గోనెసంచి ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. సంచిలో ఏముందని కండక్టర్ అడిగితే "పెద్దమ్మ మిషను తల" అన్నాను. బస్సు మోతలో మధ్యమాట వినబడినట్టు లేదు. వంతెన దాటేదాకా నా వంక అదోలా చూస్తూనే ఉన్నాడు. పోత ఇనుము, పన్నెండు కిలోల పైమాటే. ఇల్లు చేరేసరికి తొడలు తిమ్మిరెక్కాయి.

ఫిర్యాదు పెద్దమ్మ మాటల్లోనే రాసుకున్నాను. "చక్రం రాయిలా బిగుసుకుపోయిందిరా. అంతకు ముందు కుట్టు జారేది, అడుగున దారం కుప్పపడేది. ఆరేళ్ళయింది ముట్టుకుని." ఆరేళ్ళ కిందట ఆవిడ కళ్ళకు శుక్లాల ఆపరేషన్ జరిగింది. అప్పుడు వేసిన మూత మళ్ళీ తీయలేదు. నిజానికి ఈ మిషను ఎన్నడూ పూర్తి ఆరోగ్యంగా ఉన్నట్టు నాకు గుర్తు లేదు. "వరద తర్వాత అదోలా అయిపోయింది" అనేది మా ఇంట్లో అందరూ అనే మాట. 1986 ఆగస్టు గోదావరి వరదకు పెద్దమ్మ వాళ్ళు లంకలో ఉండేవారు. స్టాండు ఇనుప కాళ్ళ మీద మోకాలెత్తున తుప్పు గీత ఇప్పటికీ ఉంది. ఆ గీత ఎంత తిన్నగా ఉందంటే, నీళ్ళు అంతవరకు వచ్చి కొలిచి వెళ్ళినట్టు ఉంటుంది.

మిషను సింగర్, 15కె రకం. కె అంటే కిల్బోవీ. స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో సింగర్ వారి పెద్ద కర్మాగారం ఉన్న చోటు అది. కర్మాగారం 1980లో మూతపడింది కానీ, అక్కడి రైల్వే స్టేషను పేరు ఇప్పటికీ సింగరే. మిషను మీది నంబరు ముందున్న రెండక్షరాలను బట్టి ఇది 1950 ప్రాంతంలో తయారైంది. తాతయ్య కొన్నాడు, అమ్మమ్మ కొన్నాళ్ళు కుట్టింది, తర్వాత పెద్దమ్మ సారెతో పాటు వెళ్ళింది. తాతయ్య ఖద్దరు తప్ప కట్టని మనిషి. సీమ సరుకు ఇంట్లోకి ఎలా తెచ్చావని ఎవరైనా ఎత్తిపొడిస్తే, యంత్రాలను అంతగా విమర్శించిన గాంధీగారే 1924లో కుట్టు మిషనుకు మినహాయింపు ఇచ్చారని జవాబు చెప్పేవాడట. మాట నిజమే, ఇచ్చారు. మినహాయింపు సంగతి ముందు తెలిసి మిషను కొన్నాడో, కొన్నాక వెతుక్కున్నాడో మాత్రం అమ్మమ్మకే తెలియాలి.

నా అర్హత కూడా చెప్పాలి. చదివింది మెకానికల్ డిప్లొమా. ముప్పై ఏళ్ళుగా చేస్తున్నది గుమాస్తా ఉద్యోగం. కాబట్టి ధైర్యం ఎక్కువ, అలవాటు తక్కువ.

ఇవాళ చేసిన పని ఒక్కటే. రెండు చెక్క దిమ్మెల మీద తలను నిలబెట్టి, సూది, బాబిన్ కేసు (కింది దారం కండె ఉండే డబ్బీ) తీసి పక్కన పెట్టి, నూనె రంధ్రాలన్నింటిలో కిరసనాయిలు చుక్కలు వేశాను. కిరసనాయిలు ఇప్పుడు దొరకడమే గగనం. ఆఫీసులో ఒకాయన పెరట్లో పాత డబ్బా ఉందంటే సగం సీసా అడిగి తెచ్చుకున్నాను. రాత్రంతా నాననివ్వాలి. చక్రాన్ని బలవంతంగా తిప్పకూడదు. తిప్పబుద్ధి వేస్తుంది, అందుకే ఇంకో గదిలోకి పోయి పడుకున్నాను.

సోమవారం

తెల్లారి చూస్తే వెంట్రుకవాసి కదలిక. లోపల ఎండి గట్టిపడిన నూనె తేనెరంగు జిగురులా ఉంది. పెద్దమ్మకు ఫోన్ చేసి ఏ నూనె వేసేవారని అడిగాను.

"మిషను నూనే వేసేవాళ్ళం. లేనప్పుడు నువ్వుల నూనె."

"లేనప్పుడు అంటే ఎన్నిసార్లు పెద్దమ్మా?"

"లేనప్పుడల్లా."

వంటనూనెలతో వచ్చే చిక్కే ఇది. వేసిన రోజు మిషను వెన్నలా తిరుగుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గాలి తగిలి చిక్కబడి చివరకు వార్నిష్ అవుతుంది. అది కరగాలంటే కిరసనాయిలుతో పాటు వేడి కూడా కావాలి. అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ అడిగాను. ఎందుకని అడగకుండా ఇచ్చింది. తర్వాత ఎందుకో తెలిసి వెనక్కి అడిగింది. ఈలోపు పని అయిపోయింది. పైన అడ్డంగా ఉండే ఇరుసుకు పావుగంట వేడి చూపించేసరికి చక్రం మూలిగి, పావు చుట్టు తిరిగింది.

తిరిగి, ఆగింది. వెనక్కి తిప్పితే మళ్ళీ పావు చుట్టు, మళ్ళీ అక్కడే ఆగింది.

ఇక్కడ ఒక్క క్షణం చేతులు కట్టుకుని ఆలోచించడం మంచిదైంది. జిగురు వల్ల బిగుసుకుంటే చుట్టంతా బరువుగా ఉండాలి. చక్రం ప్రతిసారీ ఒకే చోట టక్కున ఆగుతోందంటే జిగురు కాదు, ఏదో అడ్డం పడింది. వెతకాల్సిన చోటు కూడా పెద్దగా లేదు. మిషనులో దారం, గుడ్డ, సూది మూడూ కలుసుకునేది అడుగున, పై దారాన్ని కింది దారంతో కలిపే షటిల్ దగ్గరే.

తలను వెనక్కి వాల్చి, షటిల్‌ను పట్టుకున్న రింగు విప్పాను. నెలవంకలాంటి షటిల్ చేతిలోకి వచ్చింది. అది కూర్చునే గాడిలో ఒక దారపు ముద్ద. సూదిమొనతో దాన్ని పొరలు పొరలుగా లేపాను. పైన తెలుపు, దాని కింద చిలకాకుపచ్చ, తర్వాత మెరూన్, దాని కింద స్కూలు యూనిఫారం నీలం. ఆ నీలం మా అన్నయ్య నిక్కర్లది అయి ఉండాలి. పక్కన మరో ఇద్దరు పిల్లల చొక్కాలు కూడా అదే గుడ్డలో కుట్టేది పెద్దమ్మ. అన్ని పొరల అడుగున, గాడిలో అడ్డంగా ఇరుక్కుని, విరిగిన సూదిమొన. ముప్పావు అంగుళం కూడా లేదు. దాన్ని పట్టకారుతో తీశాక చక్రం వేలితో తోస్తే పూర్తి చుట్టు తిరిగింది.

సూదిమొనను అగ్గిపెట్టెలో వేసి దాచాను. పెద్దమ్మకు చూపించాలి.

మంగళవారం

ఇవాళ రాసుకోవడానికే సిగ్గుగా ఉంది. మిషను ఒంటి మీది మురికి తుడుద్దామని కూర్చున్నాను. చేతికి అందుబాటులో శానిటైజర్ సీసా ఉంది. కోవిడ్ నాటి నుంచి ఇంట్లో ఇవి చీమల్లా ఉన్నాయి. దూదికి రెండు చుక్కలు వేసి, మిషను అడుగుబల్ల అంచున ఉన్న బంగారు లతల మీద రుద్దాను. దూది పచ్చగా మారింది. మురికి బాగా వదులుతోందని ఇంకాస్త రుద్దాను. వదిలింది మురికి కాదు, బంగారం. రెండంగుళాల లత వెండి రంగు నీడగా మిగిలింది.

ఆ బంగారు బొమ్మల మీద రక్షణగా పూసేది పారదర్శకమైన లక్క పూత. లక్క స్పిరిట్‌లో కరుగుతుందని తలుపులకు పాలిష్ చేసేవాళ్ళందరికీ తెలుసు. నాకూ తెలుసు. శానిటైజర్ అంటే ముప్పావు వంతు స్పిరిట్ అని కూడా తెలుసు. ఆ రెండూ ఒకే బుర్రలో ఉన్నా ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

మిగతా ఒళ్ళంతా మిషను నూనెతో, పాత బనియను గుడ్డతో తుడిచాను. నల్ల రంగుకు నూనె ప్రమాదం లేదు. చేయి నొప్పి పుట్టేదాకా తుడిస్తే లోపలి నలుపు మెల్లగా బయటపడుతుంది. పాడైన లత పెద్దమ్మ కూర్చునే వైపు ఉంది. వెనకవైపు అయినా బాగుండేది.

గురువారం

నిన్న ఆఫీసు పని. ఇవాళ సాయంత్రం అసలైన మిషను నూనె పట్టించాను. కదిలే ఇనుము ఇనుమును తాకే ప్రతి చోటా ఒక్కొక్క చుక్క. పైన ఉన్న రంధ్రాలు, సూది కడ్డీ, దారం లాగే చెయ్యి, అడుగున కీళ్ళు, షటిల్ గాడి. వేశాక పది నిమిషాలు చక్రం తిప్పుతూ కూర్చున్నాను. మొదట నల్లటి నూనె కారింది, తర్వాత గోధుమ రంగు, చివరికి తేటగా. ఆరేళ్ళ తర్వాత మిషను శబ్దం మారడం వినబడింది. కిర్రు పోయి, గోడ గడియారంలాంటి టిక్కుటిక్కు మిగిలింది.

చక్రం మధ్యలో ఒక గుండ్రటి మర ఉంటుంది. బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు దాన్ని వదులు చేస్తే చక్రం ఒక్కటే తిరుగుతుంది, సూది కదలదు. దాన్ని విప్పి శుభ్రం చేసి తిరిగి బిగించాను. బిగించినా బిగియదు. చక్రం తిరుగుతోంది కానీ సూది నిలబడి చూస్తోంది. గంటసేపు తంటాలు పడ్డాక తెలిసింది ఏమిటంటే, మర వెనక ఉండే వాషర్‌కు లోపలివైపు రెండు కొమ్ములు, బయటివైపు మూడు చెవులు ఉంటాయి. దాన్ని రెండు రకాలుగా కూర్చోబెట్టవచ్చు. మర పట్టేది ఒక రకంలోనే. విప్పేటప్పుడు ఫోనుతో ఒక్క ఫోటో తీసుకుని ఉంటే ఆ గంట మిగిలేది. వాషర్‌ను సగం చుట్టు తిప్పి పెట్టాను. పట్టింది.

శుక్రవారం రాత్రి

మొదటి కుట్టు. బట్టల సందులో ఒక దుకాణంలో పదహారో నంబరు సూదులు పాకెట్టు కొన్నాను. పాత పంచె ముక్క రెండు మడతలు వేశాను. పైన ఎర్ర దారం, బాబిన్‌లో తెల్ల దారం. ఇది అలవాటు చేసుకోవాల్సిన పద్ధతి. రెండూ ఒకే రంగైతే తప్పు ఏ దారానిదో కనబడదు. కుట్టు సరిగ్గా ఉంటే పైన ఎరుపు, కింద తెలుపు మాత్రమే కనబడాలి. రెండు దారాల ముడి గుడ్డ మందం మధ్యలో దాక్కోవాలి.

చేత్తో చక్రం తిప్పుతూ నాలుగంగుళాలు కుట్టాను. పైనుంచి చూస్తే అక్కడక్కడా కుట్టు పడింది, మధ్యలో ఖాళీలు. కిందికి తిప్పి చూస్తే ఎర్ర దారం మొక్కజొన్న పీచులా గుత్తులు.

అడుగున దారం కుప్పపడితే అందరం బాబిన్‌నే తిడతాం. నేనూ బాబిన్ కేసు స్క్రూ పట్టుకోబోయాను. కానీ కుప్పపడింది ఏ రంగు? ఎరుపు. అంటే పై దారం. పై దారాన్ని పట్టి ఉంచేవాడు లేక, కావలసినదానికన్నా ఎక్కువ కిందికి దిగిపోతోంది. బాబిన్ పాపం నిర్దోషి. దాన్ని విడిగా పరీక్షించడం తేలిక. కేసులో బాబిన్ పెట్టి, దారం కొస పట్టుకుని గాలిలో వేలాడదీశాను. జారలేదు. చేతిని చిన్నగా ఊపితే రెండంగుళాలు జారి ఆగింది. అంతే కావాలి.

ఇక పై టెన్షన్, అంటే పై దారాన్ని బిగబట్టే అమరిక. ఈ రకం మిషనుకు అది ఎడమ చివర, మొహం పలక మీద ఉంటుంది. రెండు గుండ్రటి బిళ్ళలు, వాటి మధ్య నుంచి దారం, వెనక స్ప్రింగు. గుడ్డను నొక్కి ఉంచే మిషను పాదం దించినప్పుడే ఆ బిళ్ళలు దారాన్ని నొక్కుతాయి. పాదం ఎత్తితే విడిపోతాయి. అందుకే దారం ఎక్కించేటప్పుడు పాదం ఎత్తి ఉంచాలి, లేకపోతే దారం బిళ్ళల మధ్యకు పోకుండా అంచున తేలుతుంది. నేను సరిగ్గానే ఎక్కించాను. అయినా పట్టు లేదు. బిళ్ళలు విప్పితే మధ్యలో, నలిగి మైనంలా అతుక్కుపోయిన దారపు పీచు. ఒక బిళ్ళ ఎప్పుడూ కాస్త తెరుచుకునే ఉంటోంది. గుడ్డతో తుడిచి బిగించాను.

గుత్తులు పోయాయి. ఖాళీలు పోలేదు. మూడు కుట్లు పడతాయి, రెండు ఎగిరిపోతాయి. ఒక్కోసారి అరచేయంత పొడవున ఒక్క కుట్టూ పడదు. పది సూదులున్న పాకెట్టులో నాలుగు మార్చాను. సూది చదును వైపు షటిల్ ముక్కు వచ్చే వైపుకే ఉంది, పొడవాటి గాడి దారం వచ్చే వైపుకే ఉంది. పైకంటా నెట్టి బిగించాను. పుస్తకంలో ఉన్నదంతా చేశాను.

రాత్రి పదకొండింటికి మూత పెట్టేశాను. వరద తర్వాత అదోలా అయిందంటే అయిందేమో.

శనివారం

ఓటమి ఒప్పుకునే గొంతుతోనే పెద్దమ్మకు ఫోన్ చేశాను. జరిగిందంతా విని ఆవిడ అడిగిన ప్రశ్న ఇది.

"సూది ఎలా పెట్టావు?"

"పైకంటా నెట్టి, గట్టిగా బిగించాను."

"అదే తప్పు. ఆ మిషనుకు సూది మరీ పైకి నెట్టకూడదురా. బియ్యపు గింజంత కిందికి దించి బిగించాలి. కోడలు కూడా నీలాగే నెట్టింది, అప్పటి నుంచే అసలు కుట్టడం మానేసింది."

నాకు నవ్వొచ్చింది. ప్రపంచంలో ఏ కుట్టు మిషను పుస్తకం తెరిచినా సూదిని ఆగేదాకా పైకి నెట్టాలనే ఉంటుంది. సరే, పెద్దమ్మ మాట కాదనడమెందుకని, వంటింట్లోంచి ఒక సోనామసూరి గింజ తెచ్చి, దాని వెడల్పు కంటితో కొలిచి, సూదిని అంత కిందికి దించి బిగించాను.

పన్నెండంగుళాలు కుట్టాను. ఒక్క కుట్టు జారలేదు.

కాసేపు అలా కూర్చుండిపోయాను. తర్వాత డిప్లొమా గుర్తొచ్చింది. సూది దిగాల్సినంత దిగకపోతేనే కదా ఇలా దించితే బాగుపడేది. అంటే తప్పు సూదిది కాదు, సూదిని పట్టుకుని కిందికీ పైకీ ఆడే కడ్డీది. కడ్డీయే ఉండవలసిన చోటు కన్నా ఒక గింజ ఎత్తున బిగిసి ఉంది.

కుట్టు పడే తీరు ఇదీ. సూది దారాన్ని తీసుకుని అట్టడుగుకు దిగుతుంది. అక్కడి నుంచి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు పైకి లేచేసరికి, గుడ్డ పట్టేసిన దారం సూదితో పాటు రాలేక వెనకవైపు చిన్న ఉంగరంలా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణానికి షటిల్ ముక్కు వచ్చి ఆ ఉంగరంలో దూరాలి. దూరితే దాన్ని బాబిన్ చుట్టూ తిప్పి రెండో దారంతో ముడివేస్తుంది. ముక్కు దాటే సమయానికి సూది కన్ను, ముక్కు కన్నా దాదాపు 1.5 మిల్లీమీటర్లు కింద ఉండాలి. ఉంగరం ఉబ్బేది కన్నుకు కాస్త పైనే కాబట్టి. కడ్డీ ఎత్తుగా ఉంటే ముక్కు వచ్చేసరికి కన్ను ముక్కుకు ఎదురుగానే ఉంటుంది. అక్కడ ఉంగరం లేదు. ముక్కు ఖాళీ గాలిని దాటి పోతుంది, కుట్టు జారుతుంది.

అడుగు పలక తీసేసి, బల్ల మీద టార్చి పెట్టి, కళ్ళజోడు మీద ఇంకో భూతద్దం పట్టుకుని, సూదిని పైకంటా నెట్టి, చక్రాన్ని గోరంత గోరంత తిప్పుతూ చూశాను. అచ్చం అదే. ముక్కు కొస కన్ను మధ్యలోంచి, దారాన్ని పలకరించకుండా వెళ్ళిపోతోంది. శుక్రవారం రాత్రి ఈ పని ఎందుకు చేయలేదో నాకే తెలియదు. నాలుగు సూదులు మార్చడం కన్నా ఒకసారి వంగి చూడడం తేలిక.

మొహం పలక విప్పితే సూది కడ్డీని పట్టుకునే స్క్రూ కనబడింది. దాని గాడి చితికిపోయి ఉంది. ఎవరో సరిపడని పనిముట్టుతో, జారి జారి, చివరకు విప్పారు. మిషనులో ఇంకే స్క్రూకీ అలాంటి గాయం లేదు. స్కాట్లండ్‌లో బిగించినవాళ్ళు అలా చేసి ఉండరు.

పెద్ద స్క్రూడ్రైవర్ కొసను ఆకురాయితో గాడికి సరిపోయేలా అరగదీసి, స్క్రూ వదులు చేశాను. కడ్డీని ఎంత దించాలో కొలిచే పరికరం లేదు. కన్ను పై అంచు ముక్కుకు ఎంత కింద ఉందో భూతద్దంలో చూస్తూ, వేలితో తట్టి దించడం, బిగించడం, చక్రం తిప్పి చూడడం, మళ్ళీ వదులు చేయడం. ఏడోసారికి కుదిరింది. కడ్డీ పక్కకు తిరిగిపోకుండా చూసుకోవడం ఇంకో తలనొప్పి. తిరిగితే సూది చదును కూడా పక్కకు పోతుంది.

ఇప్పుడు సూది పైకంటా నెట్టి కుట్టాను. పంచె మీద ఎర్ర దారం గీత గీసినట్టు వచ్చింది. రెండు మడతలు, నాలుగు మడతలు, జీన్సు ముక్క. ఎక్కడా ఖాళీ లేదు.

శనివారం సాయంత్రం, మళ్ళీ ఫోన్

స్క్రూ గాడి చితికిన సంగతి చెప్పి, వరద తర్వాత ఏ మెకానిక్ అయినా చూశాడా అని అడిగాను.

"వరదలో దానికేమైంది? నీళ్ళు గుమ్మం దాటక ముందే మీ పెదనాన్న తలను విప్పి అటకెక్కించాడు. బియ్యం బస్తా కన్నా ముందు. దాని మీద చుక్క నీరు పడలేదు."

"మరి వరద తర్వాతే పాడైందంటారుగా అందరూ?"

"వరద తర్వాతే. మరుసటి ఎండాకాలం సెలవులకు నువ్వొచ్చావు కదా. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వంటింటి చాకు పట్టుకుని దాని మొహం విప్పావు. నేను లేచి చూసేసరికి స్క్రూలన్నీ చాపమీద వరసగా పెట్టి ఉన్నాయి. మళ్ళీ నువ్వే బిగించావులే. ఒక్కటీ మిగల్లేదు."

"నేనా? నాకు గుర్తే లేదు."

"పదకొండేళ్ళు నీకు. బాగా బిగించాడు, ఇంజనీరు అవుతాడు అని మీ పెదనాన్న మెచ్చుకున్నాడు కూడా."

"అప్పుడే చెప్పొచ్చు కదా పెద్దమ్మా, మెకానిక్‌కు చూపించేవాళ్ళం."

"చూపించడమెందుకు? నాలుగు రోజులు కుట్టు జారింది. సూది అటూ ఇటూ మార్చి చూశాను. గింజంత దించితే పడుతోంది. అంతటితో సరిపోయింది."

దాదాపు నలభై ఏళ్ళు. ఎన్ని సూదులు విరిగి ఉంటాయో, ప్రతి కొత్త సూదినీ ఆవిడ గింజంత దించే బిగించింది. నేను చేసిన తప్పును నింద మోయడానికి గోదావరికి అప్పగించి, దానికి మందు మాత్రం తన వేళ్ళలో పెట్టుకుంది. కళ్ళు సరిగ్గా కనబడక సూది పెట్టే పని కోడలి చేతికి వెళ్ళిన రోజున మందు ఆగిపోయింది, జబ్బు బయటపడింది. నిజమే, ఆ చాకు గురించి ఇప్పటికీ ఏమీ గుర్తు రావడం లేదు. చాప మాత్రం కాస్త గుర్తొస్తోంది. ఈత చాప, ఎర్ర అంచు.

రెండో ఆదివారం, కొవ్వూరు

గోనెసంచితో మళ్ళీ అదే బస్సు. కండక్టర్ వేరు.

తలను స్టాండు మీద కూర్చోబెట్టాం. తుప్పు గీతను ఉప్పు కాగితంతో రుద్ది నల్ల పెయింటు వేస్తానంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. వరద ఎంత ఎత్తు వచ్చిందో మనవళ్ళకు చూపించడానికి అది కావాలట. పెడల్ ఇరుసులకు, కింద చక్రానికి నూనె వేశాను.

పాత తోలు బెల్టు పెళుసెక్కి మూడు చోట్ల పగిలింది. కొత్తది తెచ్చాను. దీని పొడవు దగ్గరే ఎక్కువమంది తొందరపడతారు. బెల్టు మరీ బిగుతుగా ఉంటే పెడల్ బరువెక్కుతుంది, మోకాళ్ళు నొప్పులు. మరీ వదులైతే చక్రం మీద జారుతుంది. ముందు కాస్త పొడవుగానే కోసి, తీగ కొక్కెంతో కలిపి, తొక్కి చూసి, వేలెడంత కోసి మళ్ళీ కలిపాను. రెండుసార్లతో కుదిరింది. కొత్త తోలు సాగుతుంది, నెల పోయాక ఇంకోసారి కోయాలి.

నేను తొక్కితే మిషను వెనక్కి తిరిగి దారం తెగింది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ తెగింది. పెద్దమ్మ పక్కకు జరగమని కళ్ళతోనే చెప్పి కూర్చుంది. కుడి చేత్తో చక్రాన్ని తన వైపుకు ఒక్కసారి తిప్పి, ఆ ఊపు మీదే పాదాలు వేసింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మడమలు. చూపు బట్ట మీద లేదు, కిటికీ వైపు ఉంది. చెవి మాత్రం మిషను దగ్గర ఉంది. కాసేపటికి ఆపి, "చుట్టుకొకసారి టిక్కుమంటోంది, బెల్టు కొక్కెం కొస పైకి లేచి ఉంటుంది చూడు" అంది. లేచే ఉంది. కటింగ్ ప్లేయర్‌తో నొక్కాను. టిక్కు పోయింది.

లతలు చెరిగిన చోటు వేలితో తడిమింది. "ఇదేమిటి?" అంది. చెప్పాను. ఏమీ అనలేదు. అగ్గిపెట్టె తీసి సూదిమొన చూపిస్తే మాత్రం, "ఇది పెద్దాడి పెళ్ళికి దిండు గలీబులు కుడుతుంటే విరిగింది. ఇల్లంతా వెతికాం, ఎవరి కాళ్ళకు గుచ్చుకుంటుందో అని" అంటూ కొంగుతో పట్టుకుని తీసుకుంది.

దుప్పటి అంచు ఒకటి పూర్తిగా కుట్టి, కొత్త సూది వేసి చూద్దాం అంది. భోజనానికి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి లోపలి నుంచి కేక.

"మళ్ళీ జారుతోందిరా! ఇంతసేపూ బాగానే ఉంది కదా, ఏం చేశావు?"

వెళ్ళి సూది చూశాను. సూది కన్ను ఎక్కడుందో చూస్తే తెలిసిపోయింది. బియ్యపు గింజంత కిందికి దించి బిగించింది.

"పెద్దమ్మా, ఇక దించక్కర్లేదు. పైకంటా నెట్టాలి."

"నలభై ఏళ్ళ నుంచి దించుతున్నాను."

"అందుకే కదా బాగుచేసింది."

"అంటే ఇప్పుడు నేను నేర్చుకోవాలా?"

జవాబు తోచలేదు. అరగదీసిన స్క్రూడ్రైవర్ నా సంచిలోనే ఉంది. కడ్డీని పాత చోటికి, పదకొండేళ్ళప్పుడు నేను బిగించిన చోటికి, తిరిగి ఎత్తడానికి పది నిమిషాల పని. ఆవిడ సూదిని వదులు చేసి, పైకంటా నెట్టి, నా వంక అనుమానంగా చూస్తూ బిగించింది. దుప్పటి రెండో అంచు మొదలుపెట్టింది. కుట్టు పడింది. "సరే, వచ్చే వారం దాకా చూస్తాను" అంది.

స్క్రూడ్రైవర్‌ను మిషను సొరుగులో వదిలి వచ్చాను.